కంబర్లాండ్ కనుమ దాటినవారు: దారి ఎవరిది, భూమి ఎవరికి దక్కింది?

పాతపటాలు:
మిత్రులారా, అమెరికా తూర్పు తీరంలోని ఇంగ్లీషు వలసరాజ్యాల నుంచి అపలాచియన్ పర్వతాలు దాటి కెంటకీకి వెళ్లిన తొలి తరం గురించి తెలుగులో వచ్చిన రచనలు చాలా తక్కువ. ఉన్న కొద్దిపాటి వాటిలోనూ డేనియల్ బూన్ అనే వేటగాడు ఒంటరిగా అడవిని చీల్చుకుంటూ దారి కనిపెట్టాడనీ, జనం ఆయన అడుగుజాడల్లో నడిచారనీ మాత్రమే కనిపిస్తుంది. అసలు సంగతి అంతకన్నా చిక్కనైనది, చర్చించదగినది.

వైద్యుడూ సర్వేయరూ అయిన థామస్ వాకర్ 1750 ఏప్రిల్ 13న ఆ పర్వతాల్లోని కంబర్లాండ్ కనుమను చేరి, ఆ విషయాన్ని తన దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి బూన్ పదిహేనేళ్ల కుర్రవాడు. వాకర్‌ను పంపింది లాయల్ కంపెనీ అనే భూవ్యాపార సంస్థ. వర్జీనియా ప్రభుత్వం దానికి 8 లక్షల ఎకరాలు వెతికి తీసుకొనే హక్కు ఇచ్చింది. కనుమ దాటి నెలల తరబడి తిరిగినా కెంటకీ నడిబొడ్డున ఉన్న సారవంతమైన మైదానం వాకర్ కంట పడలేదు. ఆ మైదానం కోసం 1769 మే నెలలో బూన్, జాన్ ఫిన్లీ మొదలైన ఆరుగురు ఉత్తర కరొలైనా నుంచి బయలుదేరారు. అదే ఏడాది డిసెంబరులో షానీ తెగవారు వారిని పట్టుకొని, తమ వేటభూమిలో పోగుచేసిన తోళ్లన్నీ స్వాధీనం చేసుకొని, మళ్లీ రావద్దని హెచ్చరించి వదిలేశారు.

ఇంత స్పష్టమైన హెచ్చరిక విన్న తర్వాత కూడా జనం వేల సంఖ్యలో ఎందుకు వెళ్లారు? వారిని కొండ దాటించినది సాహసమా, భూమి మీది ఆశా, ఉన్నచోట బతకలేని పరిస్థితా? ఆధారాలతో చర్చిద్దామని కోరుతున్నాను.

రాతిపొర:
మనుషుల కన్నా ముందు కొండ సంగతి చూడాలి. కంబర్లాండ్ పర్వతం గోడలా వందల అడుగుల ఎత్తున సాగుతుంది. కనుమ సుమారు 1,600 అడుగుల ఎత్తున ఉండగా, దాని పక్కనే ఉన్న శిఖరం 2,400 అడుగులు దాటుతుంది. పూర్వం ఒక ఏరు ఈ గోడను అడ్డంగా కోసుకుంటూ పారింది. తర్వాత ఆ నీరు మరోవైపు మళ్లిపోగా కోత మాత్రం మిగిలింది.

ఈ కనుమ ఒక్కటే ఉంటే పెద్దగా ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే ఇది దాటగానే పైన్ పర్వతం అనే రెండో గోడ ఎదురవుతుంది. ఆ రెండు గోడల నడుమ ఇప్పుడు మిడిల్స్‌బరో పట్టణం ఉన్న గుండ్రని పల్లం ఉంది. అది కోట్ల ఏళ్ల క్రితం ఉల్క పడి ఏర్పడిన గొయ్యి అని భూగర్భ పరిశోధకులు తేల్చారు. ఆ పల్లం గుండా సులువుగా నడిచి వెళితే, కంబర్లాండ్ నది పైన్ పర్వతాన్ని కోసుకొని బయటపడే సన్నని సందు, అంటే నేటి పైన్‌విల్ దగ్గరి చోటు, వస్తుంది. ఈ మూడూ ఒకే వరుసలో ఉండడం వల్లనే వందల మైళ్ల పర్వతశ్రేణిలో ఇక్కడే దారి కుదిరింది. ఆ దారిని మొదట తొక్కినవి అడవిదున్నలు, జింకలు; తర్వాత వాటిని వెంబడించిన స్థానిక తెగలు.

చరిత్రపుట:
రాతిపొర గారు చివర చెప్పిన మాటనే నేను మొదటి మాటగా తీసుకుంటాను. బూన్ నడిచిన దారి కొత్తది కాదు. దక్షిణాన చెరోకీలూ ఉత్తరాన ఒహాయో నది ఆవలి షానీలూ రాకపోకలకు, వేటకు, యుద్ధానికి తరతరాలుగా వాడిన బాట అది. కెంటకీ నిర్జనమైన అడవి అన్న మాట ఆనాటి భూవ్యాపారులకు అక్కరకొచ్చింది కాబట్టి ప్రచారం పొందింది. 1750ల మొదట్లో కూడా అక్కడ ఎస్కిపాకిథికి అనే షానీ గ్రామం పొలాలతో, వర్తకంతో కళకళలాడుతూ ఉండేది.

1763 అక్టోబరు 7న బ్రిటన్ రాజు మూడో జార్జి పర్వతశ్రేణికి పడమట తెల్లవారు స్థిరపడరాదని ప్రకటన చేశాడు. అప్పుడే ముగిసిన ఫ్రెంచివారితో యుద్ధం వల్ల ఖజానా ఖాళీ అయింది. స్థానిక తెగలతో మరో యుద్ధం తెచ్చుకొనే శక్తి ప్రభుత్వానికి లేదు. కానీ పర్వతాల వెంట గీసిన ఆ హద్దును కాపలా కాయడానికి సైన్యమూ లేదు. అయిదేళ్లు తిరిగేసరికి, 1768లో ఫోర్ట్ స్టాన్విక్స్ దగ్గర ఇరాక్వాయ్ అనే తెగల కూటమి నాయకులు ఒహాయో నదికి దక్షిణాన ఉన్న భూమిపై తమ హక్కు వదులుకుంటున్నట్టు సంతకాలు చేశారు. వారు అక్కడ నివసించేవారు కారు. అక్కడ వేటాడే షానీలను ఆ ఒప్పందానికి అడగనేలేదు.

తర్వాత 1775 మార్చిలో వటాగా నది ఒడ్డున సికమోర్ షోల్స్ దగ్గర రిచర్డ్ హెండర్సన్ అనే మాజీ న్యాయమూర్తి, తన ట్రాన్సిల్వేనియా కంపెనీ తరఫున, చెరోకీ పెద్దలైన అట్టాకుల్లాకుల్లా, ఒకొనొస్టోటాల నుంచి దాదాపు 2 కోట్ల ఎకరాలు కొన్నాడు. చెల్లించినది 10,000 పౌండ్ల విలువ చేసే సరుకులు, అందులో చాలా భాగం బట్టలు, తుపాకులు, మందుగుండు. ప్రైవేటు వ్యక్తులు స్థానిక తెగల నుంచి భూమి కొనరాదని రాజు ప్రకటన స్పష్టంగా నిషేధించింది. అట్టాకుల్లాకుల్లా కొడుకు డ్రాగింగ్ కనూ ఆ కొలువులోనే తండ్రిని వ్యతిరేకించి, తన అనుచరులతో వేరుపడి, 1792లో చనిపోయేవరకు ఆ ఒప్పందంపై పోరాడాడు. తండ్రి అమ్మినదాని కోసం కొడుకు పదిహేడేళ్లు యుద్ధం చేశాడన్న విషయం తెలిసినవారెవరూ ఆ భూమిని ఖాళీ భూమి అని అనలేరు.

టెనెసీ తెలుగు:
నేను నాక్స్‌విల్‌లో ఉంటాను. కనుమ మాకు ఉత్తరాన, కారులో రెండు గంటల లోపు దూరంలో ఉంది. ఇప్పుడు వాహనాలు 1996లో ప్రారంభమైన సొరంగం గుండా కొండ కింద నుంచి వెళ్తాయి. దానికి ముందు కనుమ మీదుగా వెళ్లిన తారురోడ్డును జాతీయ ఉద్యానవనం వారు పూర్తిగా తవ్వి తీసి, నేల ఎత్తుపల్లాలను పాత కొలతలకు సరిచేసి, చెట్లు నాటి, వలసకాలంలో ఎలా ఉండేదో అలాంటి కాలిబాటగా మార్చారు. వేసిన రోడ్డును తీసివేసి చరిత్రకు చోటివ్వడం నేను మరెక్కడా చూడలేదు. వెళ్లదలచిన వారు శరదృతువులో వెళ్లండి. ఆకు రాలిన తర్వాత పై నుంచి మిడిల్స్‌బరో పల్లం గుండ్రనితనం స్పష్టంగా కనబడుతుంది.

వెన్నెలవాడ:
చరిత్రపుట గారి వాదనలో తప్పు లేదు. అయినా కొండ దాటిన సామాన్య కుటుంబాలను భూవ్యాపారుల పక్కన నిలబెట్టి ఒకే తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు.

హోల్స్టన్ నదిలోని లాంగ్ ఐలండ్ నుంచి, కెంటకీలో బూన్ కట్టిన కోట బూన్స్‌బరో వరకు దారి సుమారు 200 మైళ్లు. 1775 మార్చి 10న బూన్ ముప్పైమందికి పైగా గొడ్డలివాళ్లతో బయలుదేరి చెట్లకు గాట్లు పెట్టి, పొదలు నరికి దారి చేశాడన్న మాట నిజమే. అయితే అది గుర్రాలు ఒకదాని వెనుక ఒకటి నడిచే బాట మాత్రమే. బండ్లు వెళ్లగలిగేలా దాన్ని వెడల్పు చేసింది 1796లో. అంటే ఇరవై ఏళ్ల పాటు తల్లులు చంటిపిల్లలను ఎత్తుకొని, పెద్దపిల్లలను గుర్రానికి అటూ ఇటూ కట్టిన బుట్టల్లో కూర్చోబెట్టి, నాగటికర్రు, వంటకడవ, ఉప్పు, విత్తనాలు మోయించుకుంటూ ఆ దారిని కాలినడకన దాటారు. వసంతంలో ఏరులు పొంగితే రోజుల తరబడి ఒడ్డునే ఆగాలి. విలియం కాక్ అనే వలసదారు 1775 దినచర్యలో వాన, మంచు, బెదిరి సరుకులు పారేసుకొన్న గుర్రాలు, దాడి వార్త విని వెనక్కి మళ్లుతున్న మనుషులు వరుసగా కనిపిస్తారు. వాక్యాలు చిన్నవి, అక్షరదోషాలు మెండు, కానీ ఆ దారి కష్టం దానిలో ఉన్నంతగా పెద్ద గ్రంథాల్లో లేదు.

చేరిన తర్వాత బతుకు సులువేమీ కాలేదు. కోటలో బట్టకు నార లేకపోతే ఆడవాళ్లు అడవిలోని దురదగొండి జాతి మొక్కల నారనూ, అడవిదున్నల ఉన్నినీ కలిపి నేశారు. 1779–80 శీతకాలంలో నదులు గడ్డకట్టాయి, పశువులు, అడవి జంతువులు చలికి చచ్చాయి, మొక్కజొన్న ధర ఎన్నో రెట్లు పెరిగింది. 1782 ఆగస్టులో బ్రయన్స్ స్టేషన్ అనే చిన్న కోట చుట్టూ శత్రువులు పొంచి ఉన్నారని తెలిసీ, లోపల నీళ్లు లేక, ఏమీ ఎరగనట్టుగా ఆడవాళ్లే బయటి ఊటకు వెళ్లి నీళ్లు తెచ్చారని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు.

వీరిలో చాలామందికి తూర్పున సొంత పొలం లేదు. పొగాకు తోటల వల్ల సారం పోయిన నేలపై కౌలుకు బతికినవారు. వారిని ధీరులనడానికి నేను వెనుకాడను.

గొలుసుకొలత:
నేను ఉమ్మడి రాష్ట్రంలో సర్వే, భూమి రికార్డుల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుకే ఈ చరిత్రలో నన్ను పట్టి నిలిపింది తుపాకీ కాదు, భూమి కొలిచే గొలుసు. వెన్నెలవాడ గారు చెప్పిన ఆ ధీరుల్లో అనేకులు తాము నరికిన అడవిని, తాము దున్నిన పొలాన్ని శత్రువుల చేతిలో కాక న్యాయస్థానంలో పోగొట్టుకున్నారు. అది ఎలా జరిగిందో కొంచెం వివరంగా రాస్తాను.

మొదట హెండర్సన్ కంపెనీ దగ్గర కొన్నవారి సంగతి. అప్పుడు కెంటకీ వర్జీనియాలో భాగం. వర్జీనియా శాసనసభ 1778లో ఆ కంపెనీ హక్కును రద్దు చేసి, దాని శ్రమకు పరిహారంగా వేరే చోట 2 లక్షల ఎకరాలు ఇచ్చింది. కంపెనీ పెద్దలకు పరిహారం దొరికింది. వారి మాట నమ్మి వెళ్లినవారు మళ్లీ మొదటి నుంచి హక్కు నిరూపించుకోవలసి వచ్చింది.

1779లో వర్జీనియా భూచట్టం చేసింది. 1778 జనవరి 1కి ముందే స్థిరపడి, ఏడాది కాపురమున్నవారికి లేదా మొక్కజొన్న పంట తీసినవారికి 400 ఎకరాలు నామమాత్రపు ధరకు, దానికి ఆనుకొని 1,000 ఎకరాల వరకు ముందుగా కొనుక్కొనే హక్కు ఇచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే చట్టం, డబ్బు కట్టిన ఎవరికైనా, కెంటకీ ముఖం చూడనివారికైనా, ఫలానా ఎకరాలకు అర్హుడని ఖజానా పత్రం అమ్మింది. ఆ పత్రం ఏ చోటికీ ముడిపడినది కాదు. పత్రం సంపాదించడం, తనకు కావలసిన చోటును వర్ణిస్తూ నమోదు చేయించడం, సర్వే చేయించడం, చివరకు పట్టా పొందడం అనే నాలుగు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా హక్కు చెడుతుంది.

అసలు లోపం ఎక్కడ ఉందంటే, ప్రభుత్వం ముందుగా నేలను కొలిచి, ముక్కలకు నంబర్లు వేసి, తర్వాత అమ్మలేదు. ఎవరికి వారు తమ ముక్కను తామే ఎంచుకొని, ఫలానా వాగు మలుపు దగ్గరి తెల్ల ఓక్ చెట్టు మొదలుకొని, ఇన్ని పోల్‌ల దూరంలో గాటు పెట్టిన మేపుల్ చెట్టు వరకు అని రాయించుకున్నారు. మన పాత దస్తావేజుల్లో తూర్పున పెద్దచెరువు గట్టు, పడమర ఫలానావారి మామిడితోట అని చెక్కుబంది రాసినట్టే అది ఉంటుంది. అయితే మన ఊళ్లో ఆ చెరువు గట్టు ఏదో ఊరందరికీ తెలుసు. నిన్నటివరకు అటు తెల్లవాడు అడుగుపెట్టని అడవిలో ఆ తెల్ల ఓక్ ఏదని ఎవరిని అడగాలి? అందువల్ల ఒకే భూమిపై ముగ్గురు, నలుగురు వేర్వేరు పత్రాలతో హక్కుదారులయ్యారు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పకుండా ఉండలేను. అక్కడ వాడిన పోల్ అంటే పదహారున్నర అడుగులు, అంటే 66 అడుగుల గంటర్ గొలుసులో నాలుగో వంతు, సరిగ్గా 25 లింకులు. మద్రాసు రాజధానిలో బ్రిటిషువారు మన పొలాలు కొలిచినదీ అదే గొలుసు ప్రమాణంతోనే. ఆంధ్రలో ఈనాటికీ ఇంటిస్థలం సెంట్లలో లెక్కపెడతాం. ఆ సెంటు వెయ్యి చదరపు లింకులే. కొలతకర్ర ఒకటే. కానీ ఇక్కడ రైత్వారీ సర్వేలో ముందు ఊరంతా కొలిచి, ప్రతి పొలానికీ నంబరు, పటం తయారుచేశారు. కెంటకీలో ఆ పని ముందుగా జరిగి ఉంటే సగం వ్యాజ్యాలు పుట్టేవి కావని నా గట్టి అభిప్రాయం.

ఫలితం ఏమిటంటే, 1800 ప్రాంతంలో కెంటకీ గృహస్థుల్లో దాదాపు సగం మందికి సొంత భూమి లేదని పన్ను పట్టీలను పరిశీలించిన చరిత్రకారులు లెక్కగట్టారు. కౌలు తప్పించుకోవడానికి కొండ దాటినవారు కొండ ఆవల మళ్లీ కౌలుదార్లయ్యారు.

కృష్ణాతీరం:
ఇంతవరకు చర్చలో రానివారు మరికొందరు ఉన్నారు. 1790 జనాభా లెక్కల్లో కెంటకీలో 73,677 మంది ఉంటే, వారిలో 12,430 మంది బానిసలు. అంటే ఆరుగురిలో ఒకరు కొండ దాటింది తమ ఇష్టంతో కాదు. 1800 నాటికి బానిసల సంఖ్య 40 వేలు దాటింది. వర్జీనియాలో విడిపోయిన భార్యాభర్తలు, తల్లీబిడ్డలు ఆ పర్వతాలకు చెరోవైపున మిగిలిపోయారు.

మొదటి నుంచీ వారు ఉన్నారు. 1773లో బూన్ మొదటిసారి కుటుంబాలతో బయలుదేరినప్పుడు, వెనుక వస్తున్న చిన్న బృందంపై అక్టోబరు 10న తెల్లవారుజామున దాడి జరిగింది. బూన్ పెద్దకొడుకు జేమ్స్‌తో సహా పలువురు చనిపోయారు. జేమ్స్ వయసు పదహారు. అక్కడ జరిగినదంతా బయటి లోకానికి తెలిసింది ఆడమ్ అనే బానిస యువకుడి వల్ల. అతడు నది ఒడ్డున కొట్టుకొచ్చిన మొద్దుల మధ్య దాక్కొని అంతా చూసి, దారి తప్పి రోజుల తరబడి తిరిగి ఇల్లు చేరాడు. 1775లో బూన్ గొడ్డలివాళ్లపై జరిగిన దాడిలో చనిపోయినవారిలో సామ్ అనే బానిస ఉన్నాడు. మాంక్ ఎస్టిల్ అనే మరో బానిస కోటలకు మందుగుండు తయారుచేసి ఇచ్చాడు. 1782 మార్చిలో జరిగిన పోరులో గాయపడిన తోటి మనిషిని మైళ్ల తరబడి మోసుకొచ్చి, ఆ తర్వాత స్వేచ్ఛ పొందాడు.

1792లో కెంటకీ రాష్ట్రమైనప్పుడు డేవిడ్ రైస్ అనే ప్రెస్బిటేరియన్ బోధకుడు రాజ్యాంగ సభలో బానిసత్వం వద్దని వాదించి ఓడిపోయాడు. కొత్త భూమిలో కొత్త పద్ధతి పెట్టే అవకాశం ఆ రోజు చేతిలో ఉండి జారిపోయింది. ఈ విషయం తలచుకొన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

పాతపటాలు:
అందరికీ కృతజ్ఞతలు. గొలుసుకొలత గారి వివరణకు బూన్ జీవితమే సాక్ష్యం. ఆయన ఇతరుల భూములు వెతికిపెట్టాడు, సహాయ సర్వేయరుగా కొలిచాడు. తన పేరిట వేల ఎకరాలు నమోదు చేయించుకొన్నాడు. 1780లో భూపత్రాలు కొనడానికి తన డబ్బూ ఇరుగుపొరుగువారి డబ్బూ తీసుకొని వర్జీనియా వెళ్తుండగా ఒక విడిదిలో ఆ సొమ్మంతా దొంగలపాలైంది. నమోదుల్లో లోపాలు, వ్యాజ్యాలు, అప్పులు కలిసి ఆయన చేతిలో ఏమీ మిగల్చలేదు. 1799లో స్పెయిన్ పాలనలో ఉన్న మిస్సౌరికి వలసపోయాడు. అక్కడ వచ్చిన భూమి కూడా అమెరికా ఆ ప్రాంతాన్ని కొన్న తర్వాత పత్రాల లోపంతో చేజారింది. 1814లో కాంగ్రెసు కొంత తిరిగి ఇస్తే కెంటకీ అప్పులవాళ్లకు కట్టడానికి దాన్ని అమ్ముకొన్నాడు. 1820లో చనిపోయాడు.

అయితే చరిత్రపుట గారిని ఒక ప్రశ్న అడగదలచాను. 1774లో వర్జీనియా సైన్యానికీ షానీలకూ జరిగిన పాయింట్ ప్లెజెంట్ యుద్ధం తర్వాత షానీ నాయకులు ఒహాయోకు దక్షిణాన వేటాడబోమని ఒప్పుకొన్నారు కదా? ఆ లెక్కన 1775 తర్వాత వెళ్లిన సామాన్యుడు తాను ఒప్పందం ప్రకారమే వెళ్తున్నానని నమ్మి ఉండవచ్చు కదా?

చరిత్రపుట:
నమ్మి ఉండవచ్చు, ఆ నమ్మకంలో కపటం లేదనే నేనూ అంటాను. కానీ ఓడిన సైన్యం ముందు పెట్టిన షరతును కార్న్‌స్టాక్ వంటి కొందరు నాయకులు ఒప్పుకొన్నారే తప్ప తెగ మొత్తం ఒప్పుకోలేదు. ఆ కార్న్‌స్టాక్‌నే, శాంతి మాటలకు వచ్చినవాణ్ణి, 1777లో పాయింట్ ప్లెజెంట్ కోటలో అమెరికా సైనికులు చంపేశారు. ఆ హత్య తర్వాత సంధి మాట ఎత్తగల పెద్దమనిషి షానీల వైపు బలహీనపడ్డాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్లూ లిక్స్ దగ్గర ఉప్పు కాస్తున్న బూన్ బృందం బందీ కావడం, సెప్టెంబరులో బూన్స్‌బరో ముట్టడి ఆ వరుసలో జరిగినవే. పోరు 1794లో ఫాలెన్ టింబర్స్ ఓటమి, 1795లో గ్రీన్‌విల్ సంధి వరకు సాగింది.

వెన్నెలవాడ:
కార్న్‌స్టాక్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయినా నా మాట నేను వదలను. బ్లూ లిక్స్ దగ్గరే 1782 ఆగస్టు 19న బూన్ రెండో కొడుకు ఇజ్రాయెల్ పోరులో తండ్రి కళ్ల ముందు చనిపోయాడు. ఇద్దరు కొడుకులను ఆ భూమికి ఇచ్చిన బూన్ భార్య రెబెకా చేతికి చివరకు పట్టా రాలేదు. ఆమె కష్టాన్ని షానీ తల్లి కష్టానికి ఎదురు నిలిపి తూచనక్కర లేదు; ఆ రెంటినీ రాయాలి.

గొలుసుకొలత:
మరో రెండు విషయాలు చెప్పి ఆపుతాను. భూమిపై ఏళ్ల తరబడి ఉండి బాగుచేసినవాణ్ణి, మంచి పత్రం ఉన్నవాడు వెళ్లగొడితే, చేసిన మేలుకు పరిహారం కట్టాలని కెంటకీ శాసనసభ 1797లోనూ 1812లోనూ చట్టాలు చేసింది. వర్జీనియా నుంచి విడిపోయేటప్పుడు కుదిరిన ఒడంబడికకు అవి విరుద్ధమని 1823లో గ్రీన్, బిడిల్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కెంటకీ న్యాయస్థానాలు ఆ తీర్పును మనస్ఫూర్తిగా అమలు చేయలేదు. అందుకు వారిని నేను తప్పుపట్టను.

రెండోది, అబ్రహాం లింకన్ కుటుంబం. ఆయన తాత వర్జీనియా నుంచి కెంటకీ వచ్చి, 1786లో పొలంలో పనిచేస్తుండగా దాడిలో చనిపోయాడు. తండ్రి థామస్ కెంటకీలో కొన్న పొలాలు వరుసగా హక్కు చిక్కుల్లో పడ్డాయి. 1816లో ఆ కుటుంబం ఇండియానా వెళ్లిపోయింది. కొంత బానిసత్వం వల్ల, ముఖ్యంగా కెంటకీ భూహక్కుల ఇబ్బంది వల్ల అని లింకన్ స్వయంగా రాసుకొన్నారు. ఒహాయో ఆవల 1785 శాసనం ప్రకారం ప్రభుత్వమే ముందుగా భూమిని చదరాలుగా కొలిచి, నంబర్లు వేసి అమ్మింది కాబట్టి ఇండియానాలో కొన్న భూమికి హద్దు తగవు రాలేదు.

ఆసక్తి ఉన్నవారికి ఒక సూచన. వర్జీనియా కాలపు కెంటకీ భూపత్రాలు, సర్వే పటాలు ఆ రాష్ట్ర భూమి కార్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపుతోంది. బూన్ పేరు మీదివి వెతికి తీయండి. చాలా సర్వే పత్రాల మీద సర్వేయరు పేరుతో పాటు గొలుసు పట్టినవారి పేర్లు, హద్దు గుర్తులు పెట్టినవారి పేర్లు కూడా ఉంటాయి. చైన్‌మన్ల పేర్లు అంత జాగ్రత్తగా రాసిపెట్టిన రికార్డు నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు.